రికార్డుల షాపు పెట్టాలంటే ఏది మేలు: కొత్తవా, పాతవా, కచేరీలా?

మా స్నేహితుడొకడు హైదరాబాద్‌లో ఎల్పీ రికార్డుల (ముల్లు పెట్టి తిప్పి వినే పెద్ద ప్లాస్టిక్ ప్లేట్ల) షాపు పెడతానని ఆరు నెలలుగా అంటున్నాడు. అద్దె లెక్క వేసుకున్నాడు, ర్యాకులు ఎలా ఉండాలో బొమ్మ కూడా గీసుకున్నాడు. ఏం అమ్మాలన్నదే తేలడం లేదు. కొత్త రికార్డులా? పాతవి కొని అమ్మడమా? లేక కాఫీ, కచేరీ పెట్టి వాటితోపాటు రికార్డులా? ఈ మూడు దారుల్లోనూ నడిచిన షాపులు ఉన్నాయి. వాటి కథలు తెలిసినకొద్దీ నాకు పాతవే మేలనిపిస్తోంది.

ముందు కొత్తవాటి సంగతి. ముంబై కాలాఘోడాలో రిథమ్ హౌస్ అని ఒక షాపు ఉండేది. 1940లలో మొదలైంది. హిందుస్తానీ, గజల్, రాక్, సినిమా పాటలు, ఏది అడిగినా తీసిచ్చేవారు. ఊరంతా ప్రేమించిన షాపు. అయినా 2016 ఫిబ్రవరి చివర్లో మూతపడింది. ముందు పైరసీ దెబ్బ కొట్టింది, తర్వాత డౌన్‌లోడ్లు, ఆపైన స్ట్రీమింగ్. పాట ఫోన్లోనే దొరుకుతుంటే కౌంటర్ దాకా వచ్చి సీడీ కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? అంతకు పదేళ్ల ముందే, 2006లో, అమెరికాలో టవర్ రికార్డ్స్ లాంటి, ఊరూరా షాపులున్న పెద్ద కంపెనీయే దివాలా తీసింది.

"అది సీడీల కాలం, ఇప్పుడు ఎల్పీలు తిరిగొచ్చాయి కదా" అంటాడు మా వాడు. నిజమే. 2008 ఏప్రిల్‌లో అమెరికాలోని చిన్న షాపులు కలిసి రికార్డ్ స్టోర్ డే అని తమ షాపుల కోసం ఏటా జరిపే పండగ మొదలుపెట్టాయి. 2022లో అక్కడ దాదాపు 4.1 కోట్ల ఎల్పీలు అమ్ముడైతే, సీడీలు 3.3 కోట్లే. ఎల్పీలు సంఖ్యలో సీడీలను దాటడం 1987 తర్వాత అదే మొదలు. కానీ ఈ అంకెల వెనక షాపువాడికి ఒక చిక్కుంది. కొత్త ఎల్పీ మీద మిగిలేది తక్కువ, పైగా అమ్ముడుపోకపోతే చాలావరకు కంపెనీ వెనక్కి తీసుకోదు. సీడీల కాలంలో ఆ వెసులుబాటు ఉండేది. తప్పు రికార్డు పది కాపీలు తెప్పిస్తే ఆ డబ్బు అలాగే ర్యాకులో కూర్చుంటుంది. మన దగ్గరైతే చాలావరకు దిగుమతి సరుకే, ఒక్కోటి రెండు మూడు వేల పైమాటే. అదే రికార్డు ఆన్‌లైన్లో ఇంటికే వస్తుంది.

కచేరీల దారిలో గెలిచింది లండన్‌లోని రఫ్ ట్రేడ్. 1976లో జెఫ్ ట్రావిస్ పెట్టాడు. 1982లో పనిచేసేవాళ్లే ఆ షాపుని తీసుకుని నడిపారు. షాపులన్నీ మూసుకుపోతున్న 2007లో, వాళ్లు బ్రిక్ లేన్ పక్కన పాత బీరు ఫ్యాక్టరీ ఆవరణలో పెద్ద షాపు తెరిచారు. లోపలే స్టేజీ, లోపలే కాఫీ. ఆల్బమ్ కొన్నవాళ్లకి ఆ కళాకారుడి కచేరీకి ప్రవేశం. ఆ ధైర్యం నాకు చాలా ఇష్టం. కానీ అది నడవాలంటే సొంత ఆల్బమ్ వేసి, దాన్ని రికార్డుగా తెచ్చే కళాకారులు వారం వారం దొరకాలి. మన పాటల్లో ఎక్కువ భాగం సినిమాలవే. సొంతంగా పాటలు చేసే కుర్రాళ్లు పెరుగుతున్నారు, సంతోషం, కానీ వాళ్లలో రికార్డు వేయించేవాళ్లు బాగా తక్కువ. ఇంకొన్నేళ్లు ఆగాలి.

ఇక పాతవి. కాలిఫోర్నియాలో అమీబా మ్యూజిక్ అనే షాపు 1990లో బర్క్‌లీలో మొదలైంది. 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పాత బౌలింగ్ హాల్లోకి, 2001లో హాలీవుడ్‌కి విస్తరించింది. 2020లో హాలీవుడ్ భవనం ఖాళీ చేయాల్సి వచ్చినా, మరుసటి ఏడాది దగ్గర్లోనే మళ్లీ తెరిచారు. బర్క్‌లీ షాపుకి నేను వెళ్లాను. రికార్డుల కన్నా పాతవి కొనే కౌంటర్ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. ఒకాయన అట్టపెట్టెతో వచ్చాడు. కౌంటర్‌లో అమ్మాయి ఒక్కో ప్లేటు అంచు పట్టుకుని బయటికి తీసి, దీపం కింద ఏటవాలుగా తిప్పి గీతలు చూస్తోంది. అట్ట మూలలు తడిమి చూసి మూడు దొంతులుగా పేరుస్తోంది. నగదుగా అయితే ఇంత, షాపులో సరుకు తీసుకుంటే ఇంకొంచెం ఎక్కువ అని చెప్పింది. ఆయన సరుకే తీసుకుంటానని నేరుగా ర్యాకుల్లోకి వెళ్లిపోయాడు. అక్కడ అర్థమైంది నాకు. ఇక్కడ సరుకు కంపెనీ నుంచి కాక జనం ఇళ్ల నుంచి వస్తోంది. ధర షాపువాడి చేతిలో ఉంది. మిగిలేది కూడా కొత్తవాటికన్నా ఎక్కువ. ఆ ప్లేటు మళ్లీ దొరుకుతుందో లేదో తెలియదు కాబట్టి జనం ఊరికే అయినా వచ్చి చూసి వెళ్తారు.

మన ఇళ్లలోనూ ఆ సరుకుంది. కోల్‌కతా దగ్గర డమ్‌డమ్‌లో ఉన్న హెచ్‌ఎంవీ రికార్డుల కంపెనీ ఫ్యాక్టరీలో తయారైన తెలుగు ప్లేట్లు ఎన్ని అటకల మీద పడి ఉన్నాయో! మా పెదనాన్నగారి ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాన్ల వాడికి కిలోల లెక్కన ఇచ్చేశారు. నేను వెళ్లేసరికి ఒక్కటే మిగిలింది. లేబుల్ మీద సిరా పెన్నుతో "పెళ్లిరోజు కానుక, 1968" అని పెద్దమ్మ చేతిరాత. "పాత రికార్డులు కొంటాం" అన్న బోర్డు ఊళ్లో ఒక్కటి ఉన్నా ఆ పెట్టె బతికేదని ఇప్పటికీ బాధ.

కష్టాలు లేవని కాదు. మన ఎండకి ఎల్పీ వంగిపోతుంది, కోస్తా ఉక్కకి గాడుల్లో బూజు పడుతుంది, ఎల్పీలకు ముందు వచ్చిన లక్క ప్లేటు జారితే ముక్కలే. తెచ్చిన ప్రతిదాన్నీ కడగాలి, వినాలి. ఇవన్నీ ఓపికతో వచ్చేవే. మా వాడికి ఆ ఓపిక ఉంది.

అందుకే కొత్త సరుకు ఒక చిన్న ర్యాకుకి పరిమితం చేసి, మిగతా డబ్బు పాతవి కొనడానికి దాచుకోమన్నాను. పాత బస్తీ నుంచి మచిలీపట్నం దాకా ఫోన్ వస్తే తానే వెళ్లి పెట్టె విప్పి చూడాలి. ఇంకో మాట, షాపు గ్రౌండ్ ఫ్లోర్లోనే ఉండాలి. ఐదు వేల ఎల్పీలంటే టన్ను దాటుతుంది. ట్రంకు పెట్టె మోసుకొచ్చే పెద్దవాళ్లు మెట్లు ఎక్కలేరు.