ఒపినెల్ నంబర్ 8: విశాఖ ఉప్పుగాలిలో ఓ మడత చాకు

చాకు వచ్చిన పార్సిల్ కోయడానికి ఇంట్లో ఇంకో చాకు వెతుక్కోవాల్సి రావడం ఓ తమాషా. వచ్చింది ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్ నంబర్ 8, కార్బన్ స్టీల్ రకం. ఆ వారమంతా ఏం దొరికితే అది కోశాను. పాత అట్టపెట్టెలు, కొబ్బరి తాడు, అడక్కుండానే పప్పులోకి దోసకాయ. ఇదంతా కొన్నేళ్ల కిందటి మాట. మోజు తగ్గింది గానీ చాకు ఇంకా జేబులోనే ఉంది.

చూడ్డానికి హంగేమీ లేదు. బీచ్ చెక్క పిడి, 8.5 సెంటీమీటర్ల బ్లేడు, మెడకో కడియం. జేబులో ఉన్నట్టే తెలీనంత తేలిక. 1890లో ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన చాకు ఇది. 1897కల్లా 1 నుంచి 12 దాకా సైజులొచ్చాయి. కడియం చేరింది మాత్రం 1955లో. అప్పటిదాకా బ్లేడు వేళ్ల మీదికి మడత పడకుండా ఆపే ఏర్పాటే లేదంటే ఇప్పుడు భయమేస్తుంది. ఇప్పటి కడియాన్ని మూసి ఉన్నప్పుడు కూడా బిగించొచ్చు, కాబట్టి జేబులో తెరుచుకుంటుందన్న టెన్షన్ లేదు.

దీని అసలు గొప్పతనం బ్లేడు పల్చదనం. దళసరి బ్లేడున్న మడత చాకులతో జామకాయ కోస్తే సగం దాకా దిగి కాయ చీలిపోతుంది. ఇది చివరిదాకా కోస్తుంది. పదును తగ్గినా సానరాయి మీద నాలుగు పట్లు పడితే చాలు, మళ్లీ కాగితం కోసేస్తుంది. అయితే పల్చటి మొనతో డబ్బా మూతలు ఎత్తాలని చూడకండి, విరుగుతుంది. ఒంటి చేత్తో తెరవాలనుకునేవాళ్లకీ ఇది పనికిరాదు.

ఇక మన వాతావరణం. కార్బన్ స్టీల్‌కి పులుపు పడదు. మామిడికాయ కోస్తుంటేనే బ్లేడు నల్లబడుతుంది, ముక్కకి ఇనుప వాసన తగులుతుంది. వాడగా వాడగా బ్లేడంతా బూడిద రంగు పొర కట్టాక ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది. నాకైతే ఆ రంగే ఇష్టం. తడి తుడవకుండా మడిచారో, ఈ సముద్రపు గాలికి తెల్లారేసరికి తుప్పు చుక్కలు.

వానాకాలంలో ఇంకోటి. చెక్క ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది, గోటితో లాగినా రాదు. చెక్క పిడి అన్నాక ఇది తప్పదు. సావోయ్ వాళ్లకీ తెలిసిన సంగతే, పిడి వెనక భాగాన్ని బల్లకేసి ఓ దెబ్బ కొడితే బ్లేడు కాస్త పైకి లేస్తుంది. ఈ చిట్కాకి ఫ్రెంచిలో వాళ్ల పేరే ఉంది, 'సావోయ్ వాడి దెబ్బ' అని. పిడి లోపలి గాడిని గరుకు కాగితంతో కొద్దిగా రాసి, అవిసె నూనె పట్టించి బాగా ఆరనిస్తే బిగింపు తగ్గుతుంది. కుళాయి కింద పెట్టి కడగడం మాత్రం వద్దు.

విమానం ఎక్కేటప్పుడు చెక్‌ఇన్ బ్యాగులో వేయడం మర్చిపోకండి, క్యాబిన్‌లోకి రానివ్వరు.

కోస్తా ఊళ్లవాళ్లు ఎవరడిగినా స్టెయిన్‌లెస్ రకమే తీసుకోమంటాను. బ్లేడు మీద 'ఇనాక్స్' అని ఉంటుంది. రోజూ తుడిచి నూనె రాసే ఓపికుంటేనే కార్బన్. మా ఆవిడ వంటింట్లోకి ఇనాక్సే తెప్పించుకుంది, నా చాకుని ఆవకాయ ముక్కల దరిదాపుల్లోకి రానివ్వదు.