‘ఎండిన కట్టెలు’ అని కొంటున్నారా? లోడు దించుకునే ముందు ఒక పేడును చీల్పించి చూడండి

ఇంటిని వెచ్చగా ఉంచే కట్టెల స్టవ్ కోసం చీల్చిన కట్టెలు కొనబోతున్నవారు దయచేసి ఇది చదివాకే డబ్బు చెల్లించండి. పూర్తిగా ఎండినవని, తెచ్చిన రోజే కాల్చుకోవచ్చని చెప్పి ఒక వ్యాపారి మాకు పంపిన లోడు దాదాపు అంతా లోపల పచ్చిగానే ఉంది. పైకి చూస్తే అనుమానించడానికి ఏమీ లేదు. కొసలు బూడిద రంగుకు తిరిగి, నెర్రెలు విచ్చి, బెరడు అక్కడక్కడ ఊడి, చాలాకాలం ఎండలో ఉన్న కట్టెల్లాగే కనిపించాయి. స్టవ్‌లో పెట్టాక మాత్రం కొసల నుంచి నురుగుతో నీరు ఉబికింది, గాలి ద్వారం పూర్తిగా తెరిచినా మంట నిలవలేదు, తలుపు అద్దం ఆ సాయంత్రానికే నల్లబడింది.

ఒక పేడును మళ్లీ నిలువునా చీల్చి, కొత్తగా బయటపడిన ముఖం మీద తేమ మీటరు సూదులు గుచ్చితే 30 శాతం దాటింది. అదే పేడు పై ముఖం మీద 17 మాత్రమే చూపింది. వ్యాపారిని పిలిస్తే ఆయన కూడా తన మీటరు తెచ్చి, పైపైనే గుచ్చి, 20 లోపే ఉంది కదా అని వాదించారు. చీల్చి కొలవమని పట్టుబట్టాక అసలు సంగతి తెలిసింది. చెట్టు కొట్టి ఏడాది దాటిన మాట నిజమే గానీ, ఆ కాలమంతా కట్టె బెరడుతో సహా పొట్టి మొద్దులుగా కుప్పపడి ఉంది. దాన్ని చీల్చింది మాకు పంపడానికి కొద్ది వారాల ముందే.

మోసం జరిగేది ఇక్కడే. కట్టెలో నీరు నారల వెంట పొడవునా సులువుగా కదులుతుంది, అడ్డంగా చాలా నెమ్మదిగా కదులుతుంది, బెరడు గుండా దాదాపు బయటికి రాదు. అందువల్ల చీల్చని మొద్దు కొసలు త్వరగా ఎండి నెర్రెలిస్తాయి, నడిమి భాగం మాత్రం నెలల తరబడి తడిగా ఉండిపోతుంది. ఎండే కాలాన్ని చీల్చిన రోజు నుంచే లెక్కించాలి. గాలి బాగా ఆడే చోట పేర్చితే సన్నగా చీల్చిన మెత్తని జాతి కట్టె ఒక్క వేసవికే సిద్ధం కావచ్చు; ఓక్ వంటి గట్టి కట్టెకు తరచుగా రెండేళ్లు పడుతుంది.

మీటరు సాధారణంగా పూర్తి పొడి కట్టె బరువుతో పోల్చి తేమను చూపుతుంది. అంటే 30 అని చూపితే, ప్రతి కిలో పొడి కట్టెతో పాటు 300 గ్రాముల నీటిని కూడా మీరు కొన్నట్టే. తూకం మీద కొంటే ఆ నీటికీ డబ్బు కట్టారన్నమాట. ఆ నీరు ఆవిరి కావడానికే మంట వేడిలో కొంత పోతుంది, దానితో పొయ్యి చల్లబడి కట్టె పూర్తిగా కాలక పొగ చిక్కబడుతుంది, ఆ పొగ పొగగొట్టం గోడల మీద తారులాంటి క్రియోసోట్‌గా పేరుకుంటుంది. క్రియోసోట్ అంటుకుంటే పొగగొట్టంలో 1000 డిగ్రీల సెల్సియస్ దాటిన మంట లేవగలదు, అది ఇంటికే ప్రమాదం. డబ్బు నష్టం కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. ఇప్పటికే ఇలాంటి కట్టెలు కాల్చినవారు ముందుగా పొగగొట్టం శుభ్రం చేయించుకోవాలి.

కొనేటప్పుడు చెట్టు ఎప్పుడు కొట్టారని అడిగి ఊరుకోకుండా, ఎప్పుడు చీల్చారో, చీల్చాక ఎక్కడ పేర్చారో అడగండి. లోడు దించకముందే దాని మధ్య నుంచి లావుపాటి పేళ్లు కొన్ని తీయించి, అక్కడే చీల్పించి, లోపలి ముఖం నడుమ, సూదులు నారల దిశలో ఉండేలా గుచ్చి కొలవండి. చల్లబడి ఉన్న కట్టె మీద మీటరు అసలు కన్నా తక్కువ చూపుతుంది కాబట్టి, చలిలో వచ్చిన లోడు అయితే ఆ తేడాను లెక్కలోకి తీసుకోండి. 30 దాటిన అంకెలను మీటరు కచ్చితంగా చెప్పలేదు, అంత చూపిందంటే కట్టె పచ్చిదని గ్రహిస్తే చాలు. 20 లోపు ఉంటేనే దించనివ్వండి. ఘనపు కొలత మీద కొంటుంటే ఆ కొలత వరుసగా పేర్చినదా, వదులుగా పోసినదా అని కూడా తేల్చుకోండి, ఎందుకంటే పోసిన కుప్పను పేర్చితే బాగా తగ్గిపోతుంది.

పచ్చి లోడు ఇప్పటికే మీ ఇంటికి చేరి, వ్యాపారి వెనక్కి తీసుకోకపోతే, లావు పేళ్లను మరింత సన్నగా చీల్చి, నేలకు తగలకుండా ఎత్తు మీద, గాలి వీచే వైపు ఒకే వరుసగా పేర్చండి. పైన మాత్రమే కప్పండి. పక్కలు కూడా కప్పేస్తే తేమ లోపలే నిలిచి బూజు పడుతుంది. త్వరగా ఎండుతాయని స్టవ్‌కు ఆనించి పెట్టవద్దు, అవి అంటుకునే ప్రమాదం ఉంది. మాకు వచ్చిన లోడును అలాగే పేర్చి ఉంచాం, లోపలి ముఖం మీద 20 లోపు చూపేదాకా వాటిలో ఒక్క పేడునూ కాల్చబోము.