టొరంటోలో లా క్లర్కా, పారాలీగలా?

శ్రీకాకుళం కోర్టులో నాలుగేళ్లు నల్లకోటు వేసిన మా మరదలు, పెళ్లయ్యాక టొరంటో వెళ్తోంది. అక్కడ ఏ పని వెతకాలని ఒకటే టెన్షన్.

లా క్లర్కుకి లైసెన్సు అక్కర్లేదు. లాయరు కింద దస్తావేజులు తయారు చేయాలి, ఫైళ్లు చూడాలి. మన గుమాస్తా పనికి ఒక మెట్టు పైన అనుకోండి. సొంతంగా కేసు పట్టడానికి వీల్లేదు.

పారాలీగల్ వేరు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 2007 నుంచి దానికి లా సొసైటీ (అక్కడ లాయర్లకి లైసెన్సులిచ్చే సంస్థ) లైసెన్సు ఉండాలి. అందుకు గుర్తింపున్న కోర్సు, అందులోనే ఫీల్డ్ ప్లేస్‌మెంట్ (పనిచోట శిక్షణ), ఆపైన పరీక్ష. డబ్బూ టైమూ రెండూ ఖర్చే. కానీ స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో, ట్రాఫిక్ కేసుల్లో, ఇంటి అద్దె తగాదాల్లో తనే వాదించొచ్చు. (పూర్తి లాయరే కావాలంటే విదేశీ లా డిగ్రీలను పరిశీలించే ఎన్‌సీఏ అనే కమిటీ మదింపు దారి విడిగా ఉంది.)

ముందు క్లర్కుగా చేరమన్నాను. "వాదించకుండా ఎలా ఉంటాను బావా?" అని ఇంకా గొణుగుతోంది.