పాత జిప్సీ కింగ్: దారి పొడుగునా బాగుచేయించుకుంటూ లేహ్ దాకా

ముందే చెప్పేస్తా, సుఖంగా కూర్చుని వెళ్లే బండి కావాలంటే మారుతి జిప్సీ జోలికి వెళ్లకండి. ఏసీ లేదు, నా దానికి పవర్ స్టీరింగ్ లేదు, వెనక సీట్లో కూర్చున్నవాళ్లు దిగేసరికి నడుం పట్టుకుని దిగుతారు, 80 దాటితే పక్కమనిషితో మాట్లాడాలన్నా అరవాలి. కానీ ఒక్క పనికి మాత్రం దీన్ని మించిన బండి మన దేశంలో నాకు కనపడలేదు. సగం బాగుచేసి బయల్దేరి, మిగతా సగం దారిలో చేయించుకుంటూ వెళ్లడానికి. నేను విజయవాడ నుంచి లేహ్ దాకా చేసింది అదే కాబట్టి ఈ రివ్యూ ఆ పని గురించే.

కొనేవాళ్లు ముందు ఏ జిప్సీ అన్నది తెలుసుకోవాలి, అన్నీ ఒకటి కాదు. 1985 చివర్లో వచ్చిన మొదటిది 970 సీసీ, 45 గుర్రాలు (హార్స్‌పవర్), నాలుగు గేర్లు. 1996లో కింగ్ వచ్చింది, 1.3 లీటర్, అయిదు గేర్లు. 2000లో దానికే ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ బదులు సెన్సర్లు చూసి పెట్రోలు చిమ్మే పద్ధతి, పెట్టారు, 80 గుర్రాలు. మామూలు జనానికి అమ్మడం 2019తో ఆగింది. నాది ఎంపీఎఫ్ఐ కింగ్, గుడ్డ టాపు. ఆర్మీ వేలంలో తీసేసిన బండ్లు చవగ్గా దొరుకుతాయని చాలామంది ఎగబడతారు, ఇంజన్లు బాగానే ఉంటాయి కానీ కాగితాల దగ్గర చుక్కలు కనిపిస్తాయి, ఆర్సీ చేతిలో పెట్టకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ఎంపీఎఫ్ఐ తీసుకోమని గట్టిగా చెప్పడానికి కారణం ఇంజన్. ఎస్టీమ్, వెర్సా, మొదటి 1.3 పెట్రోల్ స్విఫ్ట్, ఇవన్నీ ఇదే కుటుంబం. టైమింగ్ బెల్టు, ప్లగ్గులు, గ్యాస్కెట్లు అడిగితే ఏ చిన్న ఊళ్లోనైనా స్పేర్ పార్టుల షాపువాడు తెల్లమొహం వేయడు. ఇంజన్ విషయంలో టెన్షన్ లేదు. టెన్షన్ అంతా కింద, ముందు యాక్సిల్లో, ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో, రేకులో ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ బాబాయ్ దగ్గర నేను చేయించింది మూడే పనులు. బ్రేకులు, రేడియేటర్, టైమింగ్ బెల్టు. బ్రేకంటే పైపైన ప్యాడ్లు మార్చడం కాదు, మాస్టర్ సిలిండర్ నుంచి వెనక డ్రమ్ముల దాకా మొత్తం, గొట్టాలతో సహా. రేడియేటర్ కోరు కొత్తది వేయించి, మూత కూడా మార్పించా. "పెయింటు కొట్టించకుండా అంత దూరం తీసుకెళ్తావేంట్రా" అని ఇంట్లో, వీధిలో అందరూ అన్నారు, బాబాయ్ ఒక్కడే "ఇప్పుడు వేస్తే డబ్బు బూడిదలో పోసినట్టే, ముందు తిరిగి రా" అన్నాడు. ఆయన మాటే నిజం. పాత బండి షెడ్డులో నిలబడ్డప్పుడు దాచిపెట్టే జబ్బులు వంద, లోడు ఎక్కించి ఎండలో రెండు జిల్లాలు దాటిస్తే అన్నీ తనే చెప్పేస్తుంది. రేకు ఎక్కడ పగులుతుందో, ఏ సీలు కారుతుందో తేలకముందే రంగు వేస్తే ఆ రంగే మళ్లీ కోయాలి.

నిర్మల్ దాటాక మొదటి జబ్బు బయటపడింది. 65 దగ్గర చిన్న గతుకు తగిలితే చాలు, స్టీరింగ్ రెండు పక్కలకీ కొట్టుకుంటుంది, 40కి తగ్గించేదాకా ఆగదు. జిప్సీ వాళ్లందరికీ తెలిసిన రోగమే ఇది. దీనికి దారిలో దొరికే వైద్యం రెండు రకాలు. వీల్ బ్యాలెన్సింగ్ చేయించుకోమంటారు, లేకపోతే స్టీరింగ్ డ్యాంపర్ బిగిస్తామంటారు. ఒక ఊళ్లో ఒకాయన డ్యాంపర్ అమ్మడానికి చాలాసేపు ప్రయత్నించాడు. డ్యాంపర్ వేస్తే ఊపు తగ్గుతుంది, నిజమే, కానీ అరిగిన బేరింగు అరిగినట్టే ఉంటుంది, మీకు తెలియకుండా ఇంకా అరుగుతుంది. అసలు సంగతి ముందు చక్రాల వెనక ఉండే, స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే నకిల్‌లో ఉంటుంది. పైనొకటి కిందొకటి కింగ్‌పిన్ బేరింగులు, వాటి బిగువు షిమ్‌లనే సన్నటి రేకు బిళ్లలతో కుదురుతుంది. బేరింగు అరిగితే ఆ బిగువు పోతుంది, బిగువు పోతే చక్రం తన ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది.

నాగ్‌పూర్‌లో ఒక ముసలాయన షెడ్డులో ఈ పని జరిగింది. ఈ ప్రయాణం మొత్తంలో నేను చూసిన మంచి పని అదే. రెండు నకిళ్లూ విప్పి బల్ల మీద పెట్టాడు, గ్రీజు ఉండాల్సిన చోట నల్లటి చారు కనపడింది. లోపలి యాక్సిల్ సీలు పోయి డిఫరెన్షియల్ ఆయిలు నకిల్‌లోకి వచ్చి గ్రీజుని కడిగేసింది, బేరింగులు పోయింది అందువల్లే. కాబట్టి బేరింగులొక్కటే మార్చి ఊరుకుంటే కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. ఆయన సీళ్లతో సహా మార్చి, ఒక్కో షిమ్ తీస్తూ, నకిల్ చేతికి స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి లాగి చూశాడు. ఎంత బరువు దగ్గర నకిల్ కదలడం మొదలవుతుందో చూసి అప్పుడు బోల్టులు బిగించాడు. చేత్తో ఊపి చూసి "ఠీక్ హై" అనేసే మెకానిక్‌కీ ఈయనకీ ఉన్న తేడా ఆ త్రాసే. మీ మెకానిక్ దగ్గర అది ఉందో లేదో ముందే అడగండి. అక్కడి నుంచి లేహ్ దాకా స్టీరింగ్ ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

నాగ్‌పూర్ తర్వాత అందరూ తిన్నగా నలభై నాలుగో నంబరు హైవే పట్టుకుని ఢిల్లీ మీదుగా పోతారు. మనకి కుదరదు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలు కలిసిన ఎన్‌సీఆర్‌లో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండి తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే అంది, దాని అమలు మీద ఇప్పటికీ మార్పులు చేర్పులు నడుస్తూనే ఉన్నాయి. బండి సీజ్ చేస్తారేమోనన్న భయంతో డ్రైవ్ చేయడం నావల్ల కాదు. భోపాల్, కోటా, జైపూర్, చూరు మీదుగా సిర్సా చేరా. దూరం పెరిగింది, కోటా దగ్గర వడగాలికి టాపు గుడ్డ ముట్టుకుంటే చెయ్యి కాలింది, కానీ ఆటోనగర్‌లో వేయించిన రేడియేటర్ పుణ్యమాని ఉష్ణోగ్రత ముల్లు సగం దాటలేదు.

ఆ చుట్టుదారి వల్ల కలిసొచ్చింది మండీ డబ్వాలీ. హర్యానా, పంజాబ్ సరిహద్దులో ఉన్న ఈ ఊరు జీపుల తయారీకి పేరు మోసింది. పంజాబీలు లండీ జీపులంటారే, ఆ టాపు లేని పొట్టి జీపులు ఇక్కడ వీధి వీధికీ తయారవుతుంటాయి. రేకు పని, సీటు పని, కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) పని తెలిసినవాళ్లు పక్కపక్కనే ఉంటారు, పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకోవచ్చు. నేను ఫ్లోరు రేకు కోయించి కొత్తది వెల్డింగ్ చేయించా. రబ్బరు మ్యాటు ఎత్తి చూస్తే డ్రైవర్ కాళ్ల దగ్గర రోడ్డు కనపడే స్థితిలో ఉంది మరి. పట్టీలు పూర్తిగా విప్పించి, వెనకవాటికి వంపు తిరిగి కొట్టించి, బుష్షులన్నీ మార్పించా. ఎద్దుబండిలా ఎగిరిపడే జిప్సీ ఆ తర్వాత కొంచెం మనుషుల బండి అయింది. మరీ ఎక్కువ ఆశపడకండి, కొంచెమే.

డబ్వాలీ వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడివాళ్లకి మీ బండిని వచ్చినట్టు పంపడం ఇష్టం ఉండదు. "పాజీ, పెద్ద టైర్లు వేద్దాం, ముందు గట్టి బంపర్ పెడదాం, లైట్లు పెడదాం" అని టీ తాగించి మరీ ఒప్పిస్తారు. నాతో వచ్చిన మా బావమరిది దాదాపు ఒప్పేసుకున్నాడు కూడా. 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు, బుల్ బార్ల మీద, అంటే ముందు పెట్టే అలాంటి గట్టి బంపర్ల మీద, 2017 చివరి నుంచే నిషేధం ఉంది. ఇంటికెళ్లాక ఫిట్‌నెస్‌కి ఇదే బండి చూపించాలి కదా. పైగా పెద్ద టైరు వేస్తే ఇప్పుడే బాగుచేయించిన నకిల్ బేరింగుల మీదే ఆ బరువంతా పడుతుంది. రేకు పనికి అయిదుకి అయిదు ఇస్తా, ఆయిల్ సీళ్ల విషయంలో మాత్రం రెండు. అక్కడ ఒక షాపులో వేసిన లోకల్ సీలు మనాలీ చేరకముందే కారడం మొదలైంది, వెనక డ్రమ్ములోకి ఆయిలు దిగి బ్రేకు ఒకపక్కకి లాగింది. సీళ్లు, బేరింగులు ఇంటి దగ్గరే ఒరిజినల్ కొని డబ్బాలో వేసుకుని వెళ్లండి, బరువూ ఉండవు.

మనాలీలో ఆ సీలు మార్చుకుని, అటల్ సొరంగం గుండా అవతలికి వెళ్లాక అసలు పరీక్ష. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం, 2020లో తెరిచారు, దానివల్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే బాధ తప్పింది. తాండీ పెట్రోలు బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల తర్వాతే అని రాసిన బోర్డు చూసే ఉంటారు ఫొటోల్లో. జిప్సీ ట్యాంకు 40 లీటర్లు. మైదానంలో లీటరుకి పది ఇస్తే గొప్ప, కనుమల్లో ఎనిమిది. లెక్క వేసుకోండి, ఇరవై లీటర్ల క్యాను లేకుండా కదలకూడదు.

ఎత్తు గురించి. అయిదు వేల మీటర్ల దగ్గర గాలి పీడనం కింద ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. టర్బో లేని ఇంజన్ బలం కూడా ఆ లెక్కనే పడిపోతుంది. అంటే తంగ్లాంగ్ లా కనుమ ఎక్కేటప్పుడు నా 80 గుర్రాల కింగ్, బందరు రోడ్డు మీద తిరిగే 1985 నాటి జిప్సీతో సమానం అన్నమాట. రెండో గేరు, ఒక్కోచోట మొదటి గేరు, ఓపిక. అయినా ఆగలేదు, పొగ కక్కలేదు. అదే కార్బురేటర్ బండి అయితే పెట్రోలు వదిలే జెట్లు కింద గాలికి తగ్గట్టు అమర్చి ఉంటాయి కాబట్టి పైకెళ్లేకొద్దీ పెట్రోలు ఎక్కువై, గాలి తక్కువై నల్లపొగ, ప్లగ్గుల మీద మసి. ఎంపీఎఫ్ఐలో సెన్సరు గాలి పీడనం చూసి పెట్రోలు తగ్గిస్తుంది. రేడియేటర్ మూత మార్పించానని చెప్పా కదా, దాని విలువ ఇక్కడ తెలుస్తుంది. ఆ ఎత్తులో నీళ్లు 83 డిగ్రీలకే మరుగుతాయి, మూత పీడనం పట్టి ఉంచకపోతే మంచు పక్కనే నిలబడి కూడా బండి పొంగిపోతుంది. సర్చూ దగ్గర అలా పొంగిన బండి పక్కన ఒక కుటుంబం దిగాలుగా కూర్చుని ఉంది, మా దగ్గరున్న స్పేర్ మూత వాళ్లకిచ్చేశాం.

ఇంకా మిగిలిపోయింది ట్రాన్స్‌ఫర్ కేసు. జిప్సీలో అది గేర్‌బాక్సుకి అతుక్కుని ఉండదు, మధ్యలో పొట్టి షాఫ్టు ఉంటుంది, కేసు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. ఆ రబ్బర్లు చిరిగితే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా కింద 'టక్' మంటుంది. నాది పాంగ్ తర్వాత మొదలుపెట్టింది. లేహ్‌లో ఒరిజినల్ దొరకలేదు, పాత టైరు ముక్క కోసి సర్దారు, అలాగే నడుస్తోంది. మౌంట్లు, నకిల్ సీళ్లు, తలుపు బీడింగులు, వీటికి మాత్రం ఇంజన్ భాగాల్లాగా ఎక్కడపడితే అక్కడ దొరికే భాగ్యం లేదు, ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచో ఇంకెక్కడి నుంచో కొరియర్ తెప్పించుకోవాలి.

జిప్సీ తర్వాత మారుతి తెచ్చిన జిమ్నీ కొనుక్కోవచ్చుగా అని అడుగుతారు. 2023 జూన్‌లో వచ్చినప్పుడే పన్నెండున్నర లక్షల పైన మొదలైంది. నేను బండికి పెట్టినదీ, దారిలో పెట్టినదీ కలిపినా అందులో సగం కాలేదు. డబ్బుంటే జిమ్నీయే మంచి బండి, అనుమానం లేదు, కాయిల్ స్ప్రింగులు, ఏసీ, ఎయిర్‌బ్యాగులు అన్నీ ఉన్నాయి. కానీ దాని సెన్సరు పోతే కనుమ మధ్యలో నేను చేయగలిగింది ఫోన్ సిగ్నల్ వెతుక్కోవడమే. జిప్సీ కింద పడుకుంటే పద్నాలుగు, పదిహేడు నంబరు పానాలతో సగం పనులు అవుతాయి.

కాగితాల ఖర్చు కూడా కలుపుకోండి, చాలామంది మర్చిపోతారు. 15 ఏళ్లు దాటిన కారుకి ఆర్సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్.

నా మార్కులు: ఇంజన్‌కి అయిదుకి అయిదు, కొండ ఎక్కడానికి నాలుగున్నర, బ్రేకులకి మూడు, రేకుకి ఒకటి, సుఖానికి సున్నా. కొనేముందు ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత మ్యాటు ఎత్తి ఫ్లోరుని స్క్రూడ్రైవర్‌తో పొడవండి. మ్యాటు ఎత్తనివ్వని ఓనరు దగ్గర బేరం ఆడకుండా వచ్చేయండి.