పాచికల మాట విన్నవారికి బహుమానం: వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే నాలుగో కూర్పులో పాత్రల తయారీపై సమీక్ష

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో కల్పిత పాత్రగా కథను నడుపుతూ ఆడే ఫాంటసీ రోల్‌ప్లే ఆటల్లో పాత్రను ఆటగాడు తనకు నచ్చినట్టు తయారు చేసుకోవాలా, లేక పాచికలు ఇచ్చినదాన్ని స్వీకరించాలా అన్న వాదన ఆ ఆటలంత పాతది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడు ఆరు ముఖాల పాచికలు మూడు వేసి, వచ్చిన మొత్తాన్ని బలం మొదలుకొని ఆరు లక్షణాలకూ వరుసగా రాసుకోవడమే పద్ధతి. అందులో 18 పడే అవకాశం 216లో ఒకటి. 1979 నాటికి అదే ఆట నాలుగు పాచికలు వేసి తక్కువ పడినదాన్ని తీసేయవచ్చని, వచ్చిన అంకెలను కావలసిన చోట పెట్టుకోవచ్చని చెప్పింది. 2014 కూర్పులో అసలు పాచికలే ముట్టుకోకుండా 27 పాయింట్లతో లక్షణాలను కొనుక్కునే దారి కూడా ఉంది. అంటే నలభై ఏళ్లలో పాచికల పెత్తనం క్రమంగా సడలుతూ వచ్చిందన్నమాట. క్యూబికల్ 7 సంస్థ 2018లో తెచ్చిన వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే నాలుగో కూర్పు ఈ వాదనలో ఏ పక్షమూ వహించదు. మీకు నచ్చిన పాత్రను మీరే ఎంచుకోండి, కాదని పాచికల మాట వింటే తర్వాత పాత్రను మెరుగుపరచుకోవడానికి ఖర్చుపెట్టే అనుభవ పాయింట్లు ఇస్తాం, అంటుంది. బలవంతం స్థానంలో బేరం పెట్టడమే ఈ పుస్తకంలో పాత్రల తయారీ అధ్యాయంలోని అసలు విశేషం. ఆ బేరంలోని ధరలు అన్నిచోట్లా సరిగ్గా కుదరలేదన్నది నా అభిప్రాయం.

మా బృందం బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లది. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లు కొందరు, గుంటూరు, విశాఖ వాళ్లు మరికొందరు. ఉద్యోగాలు ఎక్కువగా వైట్‌ఫీల్డ్, మారతహళ్లి పరిసరాల్లో కాబట్టి ఆదివారం పూట ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కలుస్తుంటాం. నియమాల పేర్లు ఇంగ్లీషులో, మాటలన్నీ తెలుగులో, మధ్యలో టీ తెచ్చే అబ్బాయితో కన్నడలో, ఇలా సాగుతుంది మా ఆట. ఇక్కడ రాస్తున్నది ఆ బల్ల దగ్గర ఈ అధ్యాయం ఎలా పనిచేసిందన్న దాని గురించే తప్ప సుమారు 350 పేజీల పుస్తకం మొత్తం గురించి కాదు.

మొదటి మెట్టు జాతి. 1 నుంచి 100 వరకు ఒక అంకె కోసం పది ముఖాల పాచికలు రెండు (ఒకటి పదుల స్థానానికి, ఒకటి ఒకట్ల స్థానానికి) వేస్తే 90 వరకు మనిషి. ఆపైన హాఫ్‌లింగ్, డ్వార్ఫ్ అనే పొట్టి జాతులు, చిట్టచివరి రెండు అంకెల్లో ఒక్కొక్క దానికి ఒక్కో ఎల్ఫ్ తెగ. వచ్చినదాన్ని ఒప్పుకుంటే 20 అనుభవ పాయింట్లు దక్కుతాయి. అయిదుగురు ఆడితే అయిదుగురూ మనుషులే అయ్యే అవకాశం దాదాపు 59 శాతం గనుక, ఎల్ఫ్ కావాలని కలలు కంటూ వచ్చినవారు ఈ మెట్టు దగ్గర పాచికలను నమ్ముకోకపోవడమే మేలు. మనిషిగా పుట్టినందుకు చింతించనక్కరలేదు కూడా, ఎందుకంటే ఆ తెగల్లో ఒకటైన హై ఎల్ఫ్‌కు చాలా లక్షణాలు మనిషి కంటే పదేసి ఎక్కువతో మొదలైనా, చావు అంచు నుంచి వెనక్కి లాగే ఫేట్ పాయింట్లు మనిషికే ఎక్కువ.

రెండో మెట్టు వృత్తి. ఈ పుస్తకం కొని తీరవలసినంత బాగున్న భాగం ఇదే. ఎనిమిది తరగతులు, తరగతికి ఎనిమిది చొప్పున 64 వృత్తులు, ప్రతి వృత్తిలో నాలుగు అంచెలు. వీరుడు, మాంత్రికుడు, దొంగ అనే అరిగిపోయిన జాబితా కాదిది: లాయరు, బిచ్చగాడు, పడవ నడిపేవాడు, గుర్రపుబండి తోలేవాడు, మూలికలు ఏరేవాడు, సమాధులు తవ్వి సొమ్ము తీసేవాడు, ఊరూరా తిరిగి సరుకులు అమ్మేవాడు, ఇళ్లలో పనిచేసేవాడు. 1986లో గేమ్స్ వర్క్‌షాప్ తెచ్చిన మొదటి కూర్పు నుంచీ ఈ ఆటకు గుర్తుగా నిలిచిన ఎలుకలు పట్టేవాడు ఇందులోనూ ఉన్నాడు. వాడికి మొదటి అంచెలోనే వడిసెల, గోనెసంచి, చిన్నదే అయినా కరిచే స్వభావం గల కుక్క దక్కుతాయి. మొదటి పాచికకే ఒప్పుకుంటే 50 పాయింట్లు, మరో రెండుసార్లు వేసి మూడింటిలో ఒకటి ఎంచుకుంటే 25, సొంతంగా ఎంచుకుంటే సున్నా.

నా దృష్టిలో ఈ 25 పాయింట్ల మధ్యేమార్గమే అధ్యాయం మొత్తంలో తెలివైన ఆలోచన. మా బల్ల దగ్గర ఎవరూ తమంతట తాము బిచ్చగత్తెను గానీ కోర్టు లాయరును గానీ ఎంచుకుని ఉండేవారు కాదు. మూడు పేర్లు కళ్లముందు పడేసరికి మాత్రం ప్రతి ఒక్కరూ వాటి మధ్య కథ అల్లడం మొదలుపెట్టారు. అనంతపురం అమ్మాయికి లాయరు, పడవవాడు, మూలికల మనిషి వచ్చాయి. “అన్నా, లాయరు తీసుకుంటా. కత్తి తిప్పడం రాకపోయినా మాటలతో అయినా బయటపడొచ్చు కదా” అని ఆమె అన్న మాట, ఖాళీ కాగితం ముందు పెట్టి నీకేం కావాలి అని అడిగితే వచ్చేది కాదు. పూర్తి స్వేచ్ఛ ఇస్తే కొత్తవాళ్లు తాము చూసిన సినిమా హీరోనే మళ్లీ తయారు చేస్తారు. ఏ స్వేచ్ఛా ఇవ్వకపోతే, తమది కాని పాత్రను మోస్తున్నట్టు కూర్చుంటారు. మూడింటిలో ఒకటి అన్నది ఈ రెంటికీ మధ్య సరిగ్గా కుదిరిన కొలత.

మూడో మెట్టు లక్షణాలు. లెక్క తప్పినట్టు నాకు అనిపించింది ఇక్కడే. మనిషికి పది లక్షణాలు, ఒక్కొక్కదానికి పది ముఖాల పాచికలు రెండు వేసి 20 కలుపుతారు. పడినవి పడినచోటే ఉంచితే 50 పాయింట్లు, అంకెలను అటూ ఇటూ మార్చుకుంటే 25. అంటే మార్చుకునే హక్కు ఖరీదు 25 పాయింట్లు. ఆ మొత్తంతో ఆటలో కొనగలిగేది ఒక లక్షణంలో ఒకే ఒక్క పెంపు. వృత్తిని ముందే తేల్చేశాక లక్షణాలు వేస్తారు గనుక, విద్వాంసుడికి 20 కలపకముందు పాచికల మీద కత్తి నైపుణ్యంలో 17, తెలివిలో 8 పడటం మామూలే. ఆ రెంటినీ తారుమారు చేస్తే తెలివికి తొమ్మిది పాయింట్లు కలిసి వస్తాయి. అదే తొమ్మిదిని తర్వాత కొనుక్కోవాలంటే మొదటి అయిదింటికి 25 చొప్పున, తక్కిన నాలుగింటికి 30 చొప్పున మొత్తం 245 అనుభవ పాయింట్లు ధారపోయాలి. ఇంత తేడా ఉన్నప్పుడు, లెక్క తెలిసిన ఆటగాడెవడూ యాభైకి ఆశపడడు. యాభై తీసుకునేవాడు బేరం కోసం కాక సరదా కోసమే తీసుకుంటాడు. పాచికలు అనగానే శకుని పేరెత్తే ఇళ్లలో పెరిగినవాళ్లం కాబట్టి మా వాళ్లు ఈ లెక్కను కాగితం అక్కరలేకుండానే పట్టేశారు.

అయితే పుస్తకం మరోచోట ఉదారంగా ఉంది. ఏ అంకెలూ నచ్చకపోతే అనుభవ పాయింట్లు వదులుకుని, పది లక్షణాలకు పాచికల స్థానంలో 100 పాయింట్లను, ఒక్కోదానికి 4కు తగ్గకుండా 18కి మించకుండా, పంచుకోవచ్చు. రెండు పాచికల సగటు 11 కనుక పది లక్షణాలకు సగటు మొత్తం 110. పాచికలు వేసినవారికి సగటున పది పాయింట్లు లాభమే. అయిదుగురిలో సుమారు ఒకరికి మాత్రం వందలోపు పడుతుంది, ఆ ఒక్కరికి ఈ వంద కింద పడకుండా పట్టుకునే వలలా పనికొస్తుంది. ఇది ముందే వివరించి చెబితే కొత్తవారికి పాచికలంటే బెరుకు పోతుంది. నియమాల పుస్తకం మాత్రం ఈ సంగతిని ఎక్కడా ఎత్తి చూపదు.

అదృష్టానికే పూర్తిగా వదిలేసే ఆటలు ఇప్పటికీ ఉన్నాయి. 2012లో వచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో ఒక్కో ఆటగాడికి ఏ అనుభవమూ లేని పల్లెవాసులను కొందరిని ఇస్తారు, లక్షణాలు వరుసగా పడినవి పడినట్టే, ప్రాణబలం నాలుగు ముఖాల పాచిక మీద. తొలి ఆటలో మిగిలినవాడే అసలు పాత్ర. అక్కడ పాత్ర తయారీకి పట్టేది కొద్ది నిమిషాలే కనుక పోయినా బాధ లేదు. వార్‌హామర్‌లో ఆ సౌకర్యం లేదు. పాచికల భాగం చకచకా సాగిపోయినా, తర్వాత వచ్చే నైపుణ్యాలు, ట్యాలెంట్లు అనే ప్రత్యేక సామర్థ్యాల మెట్టు దగ్గర జాతి పేజీ, వృత్తి పేజీ, ట్యాలెంట్ల అధ్యాయం మధ్య అందరూ ఒకే పుస్తకం తిప్పుతుంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. పాత్రలను జట్టుగా కలిపే బాధ్యత కూడా చివరికి ఆట నడిపే గేమ్ మాస్టర్ మీదే పడుతుంది. లాయరు, బిచ్చగత్తె, ఎలుకలవాడు ఒకే సత్రంలో ఎందుకు కూర్చున్నారో చెప్పడానికి పుస్తకం ఇచ్చే సలహాలు పైపైనే ఉన్నాయి. పైగా ఈ లోకంలో బ్రాస్, సిల్వర్, గోల్డ్ అనే మూడు అంతస్తుల హోదా ఉంది, బిచ్చగత్తె మాటను దొరవారు వినేలా చేయడం ఆట నడిపేవారికి అదనపు పని.

కొనాలనుకునే బెంగళూరు వాసులకు రెండు మాటలు. దిగుమతి అయ్యే గట్టి అట్ట పుస్తకం దొరకడానికి ఓపిక కావాలి, ఖర్చూ ఎక్కువే. పీడీఎఫ్ వెంటనే దొరుకుతుంది, పైగా వృత్తుల పేజీలను విడివిడిగా ప్రింట్ తీసి పంచితే పైన చెప్పిన పేజీల తిప్పుడు బాధ చాలావరకు తగ్గుతుంది. పది ముఖాల పాచికలు మనిషికి రెండు చొప్పున చాలు, కోరమంగళ, ఇందిరానగర్ వైపు బోర్డ్‌గేమ్ కేఫ్‌లకు వెళ్లేవారైనా సొంతవి తీసుకెళ్లడం మంచిది. మనసులో ఒక వీరుడిని ముందే గీసుకుని వచ్చే ఆటగాళ్లున్న బృందానికి దీన్ని సిఫారసు చేయను. తక్కినవారు వృత్తి దగ్గర మూడింటిలో ఒకటి ఎంచుకునే దారి పట్టి, లక్షణాల దగ్గర అంకెలు మార్చుకునే హక్కును వాడుకోండి. యాభై పాయింట్ల ఆశ చూపినా, కనీసం మొదటి పాత్రకు లక్షణాలను పడినవి పడినచోటే ఉంచే దారి వద్దు.