ఇంటీరియర్ డిజైన్ కోర్సుకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి రాజమండ్రి వెళ్లి ఇంటీరియర్ డిజైన్ నేర్చుకుందామనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. నేను ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది కోర్సుకి 85,000 కట్టి మునిగాను. పేరు రాయడం లేదు.

షాపు ఒకటి, ఇల్లు ఒకటి, రెండు స్టూడియో ప్రాజెక్టులు సైట్‌కి తీసుకెళ్లి చేయిస్తామన్నారు. ఏడాదిలో ఒక్క సైట్ గడప తొక్కలేదు, టేపు పట్టలేదు. ఫోన్‌లో ఫొటోలు చూపించి "ఇలాంటిది చెయ్యండి" అనేవారు. త్రీడీ బొమ్మ తళతళలాడితే మార్కులు. జ్యూరీ, అంటే మన డిజైన్లు చూసి తప్పొప్పులు చెప్పే సమీక్ష, అది కూడా పెట్టారండోయ్, పద్నాలుగు మందికీ కలిపి అరగంట!

నా చీరల షాపు డిజైన్‌కి క్లాసులో చప్పట్లు కొట్టారు. గాజు కౌంటర్లు, ఎత్తు స్టూళ్లు. మురిసిపోయి, రాజమండ్రి తాడితోటలో బట్టల కొట్టు నడిపే మా బాబాయికి చూపించాను. కాసేపు చూసి, "బావుందమ్మా, మరి పరుపు ఎక్కడ వేస్తావు?" అన్నాడు. అసలు ఆ ఆలోచనే రాలేదు నాకు. చీర విప్పి పరచాలి, అమ్మే మనిషి పరుపు మీద కూర్చునే వెనక అరలో చెయ్యి పెట్టాలి. పైగా నేను పెట్టిన పసుపు లైట్ల కింద ముదురు నీలానికీ నలుపుకీ తేడా తెలియదట. రంగులు సరిగ్గా కనిపించడానికి సీఆర్ఐ అనే లెక్క ఉంటుందని, బట్టలకి 90 పైన ఉంటే మంచిదని ఆ కొట్టు ఎలక్ట్రీషియన్ చెబితే తెలిసింది.

ఇల్లు ప్రాజెక్టులో వంటగదికి "ప్లైవుడ్" అని రాసి ఊరుకున్నాం. మన డెల్టా చెమ్మలో సింక్ కింద కాస్త తేమకి మాత్రమే ఆగే మామూలు ఎంఆర్ రకం ప్లైవుడ్ పెడితే ఉబ్బిపోతుంది. నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడగాలని మా వీధి వడ్రంగికి తెలుసు, మా సారుకి తెలియదు.

చేరేముందు పాత విద్యార్థుల డ్రాయింగ్ షీట్లు అడగండి. కొలతలు వేసిన ప్లాను, సెక్షను (గదిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) చూపించమనండి, వాటి మీద ఎర్ర పెన్ను దిద్దుళ్లు ఉన్నాయేమో చూడండి. ఒక జ్యూరీకి వెనక కూర్చుంటామనండి. కుదరదంటే లేచి వచ్చేయండి. డిప్లొమా ఏ సంస్థ పేరు మీద ఇస్తారో కాగితం మీద చూడండి.

ఫీజు ఒకేసారి కట్టకండి. డిస్కౌంటుకి ఆశపడి నేను కట్టేశాను. రసీదు వెనక "తిరిగి ఇవ్వబడదు" అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. షీట్లు చూడటం తెలియకపోతే నాకు మెసేజ్ పెట్టండి, చూసి చెబుతా.