ఇంటి నుంచే తెలుగు పుస్తకాలు వెతుక్కోవడం: ఇంటర్నెట్ ఆర్కైవ్, వికీసోర్స్‌లను ఏళ్ల తరబడి వాడాక

ఇల్లు కదలకుండా పాత తెలుగు పుస్తకాలు చదవాలంటే స్కాన్ చేసిన పుస్తకాలను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌ని మించిన చోటు నాకు ఇంతవరకు కనిపించలేదు. డబ్బు కట్టక్కర్లేదు. చాలా పుస్తకాలకు ఖాతా కూడా తెరవక్కర్లేదు. అయితే అక్కడ పుస్తకం ఉండటం వేరు, అది మన కంటపడటం వేరు. ఈ సమీక్ష ఎక్కువగా ఆ రెండోదాని గురించే.

అక్కడున్న తెలుగు పుస్తకాల్లో చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసినవి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి చొరవతో మొదలైన, పుస్తకాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టే మిలియన్ బుక్ ప్రాజెక్టులో అదొక భాగం. మన గ్రంథాలయాల బీరువాల్లో పొడి అయిపోతున్న పుస్తకాలు ఈనాడు మన తెర మీద తెరుచుకుంటున్నాయంటే ఆ పని చేసినవాళ్ల పుణ్యమే. ఆ మాట ముందు చెప్పాలి.

ఈ పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించి ఉంటాయి. తెలుగు లిపిలో పేరు కొట్టి, ఏమీ రాకపోతే లేదనుకుని వెళ్లిపోయేవాళ్లు ఎందరో. తీరా చూస్తే పుస్తకం అక్కడే ఉంటుంది. చాలాచోట్ల దీర్ఘానికి అచ్చు అక్షరం రెండుసార్లు వేస్తారు, సున్నాకి 'ఎన్' పక్కన అపాస్ట్రఫీ పెడతారు. 'కథలు' అన్న మాటలో 'థ' ఒకచోట టీహెచ్‌తో ఉంటే ఇంకోచోట డీహెచ్‌తో ఉంటుంది. అందుకే నేను పేరు మొత్తం ఎప్పుడూ కొట్టను. దీర్ఘం, సున్నా, ఒత్తు లేని మాట ఒక్కటి ఏరుకుని దానితో వెతుకుతాను. అలాంటి మాట లేకపోతే రచయిత ఇంటిపేరుతో, దానికీ దొరక్కపోతే అసలు పేరుతో. వెతికాక వచ్చే ఫలితాల పేజీలో ఎడమవైపు భాషను బట్టి వడకట్టే వీలుంది, కానీ ఒక్క గడి నొక్కి ఊరుకోకండి. తెలుగు అన్నది కొన్నిటికి పూర్తి పేరుగా, కొన్నిటికి మూడక్షరాల సంకేతంగా నమోదై ఉంటుంది. రెండూ చూడాలి.

ఇదంతా ఏ పుస్తకం కావాలో ముందే తెలిసినవాళ్లకి. ఏం చదవాలో తెలియనప్పుడు? నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడినవి పాత పుస్తకాల చివరి పేజీలు. 'మా ఇతర ప్రచురణలు' అని ప్రచురణకర్తలు వేసుకున్న జాబితాల్లో ఈ తరం ఎన్నడూ వినని నవలలు, యాత్రాకథనాలు, జీవితచరిత్రలు కనిపిస్తాయి. ఒక పేరు పట్టుకుని వెతికితే పుస్తకం వస్తుంది, దాని చివర ఇంకో జాబితా ఉంటుంది. పాత పత్రికల్లో పుస్తక సమీక్షల పేజీలూ ఇలాంటివే. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1924లో మొదలుపెట్టిన 'భారతి' సంచికలు ఇప్పుడు స్కాన్ రూపంలో దొరుకుతున్నాయి. ఆ కాలపు చదువరులు ఏది మెచ్చారో, దేన్ని చీల్చి చెండాడారో అక్కడ చూసి పుస్తకం ఎంచుకోవడం నాకు మహా ఇష్టం. ఏ సిఫార్సుల జాబితా ఇవ్వని రుచి అది.

చదవడం మొదలుపెట్టేముందు మాత్రం మొదలు, మధ్య, చివర తిరగేసి చూడండి. పాత స్కాన్లలో పేజీలు ఎగిరిపోయి ఉండొచ్చు, అంచున అక్షరాలు తెగి ఉండొచ్చు. నవల చివరి ప్రకరణంలో నాలుగు పేజీలు లేవని అప్పుడు తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చాలా పుస్తకాలకు వేరే గ్రంథాలయం ప్రతి నుంచి తీసిన స్కాన్ ఇంకొకటి ఉంటుంది, లేని పేజీలు అందులో చూసుకోవచ్చు.

ఫోన్‌లో ఇవి చదవడం కష్టం. పేజీ బొమ్మ కాబట్టి అక్షరం పెంచితే వాక్యం తెర దాటిపోతుంది. టాబ్లెట్ ఉంటే హాయి. ఫోనే గతి అనేవాళ్లకి నేను తెలుగు వికీసోర్స్ చెబుతాను. అక్కడ ఔత్సాహికులు పాత పుస్తకాలను పేజీ పేజీగా టైపు చేసి దిద్దుతారు. పేజీ స్థితిని రంగు చెబుతుంది: ఎరుపైతే ఇంకా దిద్దలేదు, పసుపైతే ఒకరు దిద్దారు, ఆకుపచ్చైతే ఇంకొకరు కూడా సరిచూశారు. ఆకుపచ్చ పేజీలు ఎక్కువున్న పుస్తకం తీసుకుంటే అచ్చు పుస్తకం చదివినంత సుఖంగా ఉంటుంది. ఎంపిక తక్కువ, నాణ్యత ఎక్కువ.

కొత్త పుస్తకాల కోసం ఈ రెండు చోట్లా చూడొద్దు. భారతదేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. అంటే 1965లో కాలం చేసినవారి రచనలు 2026 జనవరి 1 నుంచి అందరివీ అవుతాయి. ఇప్పుడు రాస్తున్నవారి పుస్తకం ఎవరో స్కాన్ చేసి ఎక్కించారని దింపుకోవడం నాకు నచ్చదు. తెలుగులో పుస్తకం రాసి మిగుల్చుకునేదే తక్కువ, వాళ్ల పుస్తకం కొనే చదవాలి.

ఇంగ్లిషు చదివేవాళ్లకి 1971లో మొదలైన ఉచిత ఈ-పుస్తకాల భాండారం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఉంది, తెలుగు అక్కడ దాదాపు లేనట్టే. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లదే అయిన ఓపెన్ లైబ్రరీలో కొన్ని ఇంగ్లిషు పుస్తకాలు గంటసేపు అరువిస్తారు. ప్రచురణకర్తలు ఆర్కైవ్ మీద వేసిన దావాలో 2023లో తీర్పు ఆర్కైవ్‌కి వ్యతిరేకంగా రావడంతో లక్షల పుస్తకాలు ఆ అరువు జాబితాలోంచి పోయాయి.

2024 అక్టోబరులో సైబర్ దాడి వల్ల ఆర్కైవ్ కొన్నాళ్లు మూతపడింది. అప్పటినుంచి నచ్చిన పుస్తకాన్ని దింపుకుని దాచుకుంటున్నాను. దింపిన వెంటనే ఫైలు పేరు మార్చండి. అంకెలతో మొదలయ్యే ఆ పొడుగాటి పేరుతో వదిలేస్తే మన సొంత కంప్యూటర్‌లోనే మళ్లీ వెతుకులాట. నేను తెలుగులో పుస్తకం పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం రాసుకుంటాను. ఎగిరిపోయిన పేజీలేమైనా ఉంటే వాటి అంకెలు కూడా పక్కనే.